‘ఖూన్ పత్లా’ గోలీ రక్తాన్ని పలచన చేయదు.. మరి ఏం చేస్తుంది? సొంతంగా ఎందుకు ఆపకూడదు?

గుండెకు స్టెంట్ పడిన ప్రతి ఇంట్లో ఒక గోలీల డబ్బా ఉంటుంది. అందులో బీపీ గోలీ, షుగర్ గోలీ, గ్యాస్ గోలీతో పాటు ఒకటో రెండో చిన్న గోలీలు కూడా ఉంటాయి. అవి దేనికని అడిగితే ఎక్కువ మంది చెప్పే జవాబు ఒక్కటే.. ‘ఖూన్ పత్లా కర్నే కీ గోలీ’. తెలుగులో అయితే ‘రక్తం పలచబడే మందు’ అంటారు. ఓపీలో తొందరగా ఉన్నప్పుడు డాక్టర్లు కూడా ఇదే మాట అనేస్తారు.

వినడానికి సులువుగా ఉన్న మాటే, కానీ నిజం కాదు. పాలల్లో నీళ్ళు కలిపితే పలచబడినట్లు ఈ గోలీతో రక్తం పలచబడదు. ఈ మాటను నిజమని నమ్మడం వల్ల చాలా ఇళ్ళల్లో పెద్ద పొరపాటు జరుగుతోంది. ‘ఇన్నాళ్ళు వాడాం, రక్తం చాలినంత పలచబడి ఉంటుంది, ఇక చాలు’ అనుకుంటారు. నీరసంగా ఉంటే ‘రక్తం మరీ పలచబడిందేమో’ అని నాలుగు రోజులు ఆపేస్తారు. ఆపినా ఏమీ కాకపోయేసరికి మళ్ళీ మొదలుపెట్టరు.

గోలీ వేసుకుంటే ఒంట్లో ఏ తేడా తెలియదు. మానేసినా ఏ తేడా తెలియదు. ప్రమాదం అక్కడే ఉంది. అందుకే ధమనుల్లో రక్తం ఎలా గడ్డకడుతుందో, ఈ మందులు దాన్ని ఎక్కడ ఆపుతాయో మొదటి నుంచి చూద్దాం.

ప్లేట్‌లెట్లు: డెంగీ వల్ల తెలిసిన పేరు

ప్లేట్‌లెట్ అంటే ఏమిటో మన దగ్గర వేరే చెప్పనక్కర్లేదు. వానాకాలంలో డెంగీ వస్తే ఇల్లంతా ఆ లెక్క మీదే కూర్చుంటుంది. ‘లక్షన్నర ఉండాల్సింది నలభై వేలకు పడిపోయాయి’ అని ఫోన్లు తిరుగుతాయి. మామూలు మనిషిలో ఒక మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ప్లేట్‌లెట్లు ఉంటాయి. 1880ల మొదట్లో ఇటలీ వైద్యుడు జూలియో బిజ్జోజెరో వీటిని విడిగా గుర్తించి, రక్తం ఆగడంలో వీటికి పాత్ర ఉందని చెప్పాడు.

ఇవి ఎముక మూలుగలో తయారవుతాయి. పూర్తి కణాలు కూడా కావు, పెద్ద కణం నుంచి తెగిపడిన చిన్న ముక్కలు. వీటికి కేంద్రకం ఉండదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, యాస్పిరిన్ కథంతా దీని మీదే నిలబడి ఉంది. ఒక్కో ప్లేట్‌లెట్ ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. అంటే రోజూ దాదాపు పదో వంతు పాతవి పోయి, ఆ చోట్లోకి కొత్త సరుకు వస్తుంది.

కూరగాయలు కోస్తుంటే వేలు తెగిందనుకోండి. రక్తనాళం గోడ చిరిగిన చోట కొల్లాజెన్ అనే లోపలి పోగు బయటపడుతుంది. దాన్ని తాకగానే ప్లేట్‌లెట్లు అక్కడ అతుక్కుంటాయి. గుండ్రంగా ఉన్నవి ముళ్ళు పొడుచుకొచ్చినట్లు ఆకారం మార్చుకుంటాయి. తర్వాత రెండు రసాయనాలు వదులుతాయి. ఒకటి థ్రాంబాక్సేన్, రెండోది ఏడీపీ. ఈ రెండూ పక్కన వెళ్తున్న ప్లేట్‌లెట్లను ‘ఇటు రండి’ అని పిలిచే కేకల్లాంటివి. అవి వచ్చి ఒకదానికొకటి చేతులు పట్టుకున్నట్లు అల్లుకుపోతాయి. వాటి మీద ఫైబ్రిన్ అనే దారాల వల పడి గట్టిపడుతుంది. రక్తం ఆగిపోతుంది.

ఇది అల్లాహ్ మన ఒంట్లో పెట్టిన రక్షణ. ఇది లేకపోతే చిన్న గాయానికే ప్రాణం పోయేది. అయితే ఇదే పని వేలి మీద కాకుండా గుండెకు రక్తం తీసుకెళ్ళే ధమని లోపల జరిగితే అది దిల్ కా దౌరా. మెదడుకు వెళ్ళే ధమనిలో జరిగితే ఫాలిజ్. కాలి ధమనిలో జరిగితే కాలు నల్లబడి తీసేసే దాకా వెళ్ళొచ్చు.

ధమని లోపల గాయం ఎలా అవుతుంది?

ధమని లోపలి వైపు ఒకే ఒక్క కణం మందాన పలచటి పొర ఉంటుంది. దాన్ని ఎండోథీలియం అంటారు. అది ఆరోగ్యంగా ఉన్నప్పుడు నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థాలు వదులుతూ ప్లేట్‌లెట్లను దగ్గరికి రానివ్వదు.

బీడీ, సిగరెట్, హుక్కా పొగ, ఏళ్ళ తరబడి అదుపు తప్పిన షుగర్, బీపీ.. ఇవి ఆ పొరను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న చోట చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ గోడ లోపలికి దిగుతుంది. దాన్ని తినడానికి తెల్లకణాలు వస్తాయి. తిని తిని కొవ్వుతో ఉబ్బి అక్కడే చస్తాయి. ఇలా ఏళ్ళ తరబడి పోగై లోపల మెత్తటి కొవ్వు ముద్ద, పైన గట్టి మూత ఉన్న పుండు లాంటిది తయారవుతుంది. దీన్నే ప్లాక్ అంటారు.

చాలామంది హార్ట్ ఎటాక్ అంటే పైపులో చెత్త కొంచెం కొంచెంగా పేరుకుని చివరికి పూర్తిగా మూసుకుపోవడం అనుకుంటారు. ఎక్కువ సార్లు అలా జరగదు. ధమని సగం కూడా మూసుకుపోకముందే ఆ ప్లాక్ మీది మూత ఒకరోజు చిట్లుతుంది. లోపలి కొవ్వు, కొల్లాజెన్ రక్తానికి తగులుతాయి. ప్లేట్‌లెట్లకు అది వేలు తెగిన గాయమా, ధమని లోపలి గాయమా తెలియదు. వాటికి తెలిసింది ఒకటే పని, మూసేయడం. నిమిషాల్లో గడ్డ కట్టి దారి మూసుకుపోతుంది.

‘పోయిన నెలే ఈసీజీ తీయించాం, అంతా నార్మల్ అన్నారు, ఇంతలో ఇలా ఎలా అయింది?’ అని జనాజా ఇంట్లో వినిపించే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. ప్లాక్ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. గడ్డ కట్టడానికి నిమిషాలు చాలు. రక్తం పూర్తిగా ఆగితే అరగంట దాటేసరికి గుండె కండరం చావడం మొదలవుతుంది.

ధమని గడ్డ వేరు, సిర గడ్డ వేరు

ధమనిలో రక్తం జోరుగా పారుతుంది. అంత జోరులోనూ అతుక్కోగలిగేవి ప్లేట్‌లెట్లే. అందుకే అక్కడి గడ్డలో వాటి పాలు ఎక్కువ, చూడ్డానికి తెల్లగా ఉంటుంది. కాళ్ళ సిరల్లో రక్తం మెల్లగా కదులుతుంది. అక్కడి గడ్డలో ఫైబ్రిన్ దారాలు, ఎర్రకణాలు ఎక్కువ. గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రోగుల గుండె గదిలో కట్టే గడ్డ కూడా ఎక్కువగా ఈ రెండో రకమే.

కాబట్టి మందులూ రెండు రకాలు. ప్లేట్‌లెట్లను ఆపేవి యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి. ఫైబ్రిన్ దారాలు తయారు కాకుండా ఆపేవి వార్ఫరిన్, ఎసిట్రోమ్, కొత్తగా వచ్చిన డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్. ఇంట్లో అన్నింటినీ కలిపి ‘ఖూన్ పత్లా గోలీ’ అనేస్తాం గానీ, ఒకదానికి బదులు ఇంకొకటి పనికిరాదు.

పరహేజ్ విషయంలోనూ ఇక్కడే గందరగోళం. వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవాళ్ళు ఆకుకూరలు ఒకరోజు గంపెడు తిని, ఇంకోరోజు పూర్తిగా మానేస్తే మందు లెక్క తప్పుతుంది. వాళ్ళు ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష తరచూ చేయించుకోవాలి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకు ఆ బాధ లేదు. పక్కింటాయనకు చెప్పిన పరహేజ్ విని పాలకూర మానేయక్కర్లేదు.

యాస్పిరిన్: తలనొప్పి గోలీ గుండెకు ఎలా వచ్చింది?

1897లో జర్మనీలోని బాయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ యాస్పిరిన్ మందును స్వచ్ఛంగా తయారు చేశాడు. 1899 నుంచి అది మార్కెట్లో ఉంది. ఏళ్ళ తరబడి జ్వరానికి, నొప్పులకే వాడారు. 1950లో అమెరికాలోని కాలిఫోర్నియా డాక్టర్ లారెన్స్ క్రేవెన్, తన దగ్గర యాస్పిరిన్ వాడేవాళ్ళకు గుండెపోట్లు రావట్లేదని రాశాడు. అప్పట్లో ఆయన మాట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

అది ఎలా పనిచేస్తుందో 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించాడు. ఆ పరిశోధనలకు 1982లో ఆయనకు, మరో ఇద్దరికి నోబెల్ వచ్చింది. ప్లేట్‌లెట్లు వదిలే రెండు కేకల గురించి చెప్పుకున్నాం కదా. అందులో మొదటిదైన థ్రాంబాక్సేన్ తయారవ్వాలంటే సైక్లో ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ కావాలి. యాస్పిరిన్ ఆ ఎంజైమ్‌కు శాశ్వతంగా తాళం వేస్తుంది. వేరే కణమైతే కొత్త ఎంజైమ్ తయారు చేసుకుంటుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్తది చేసుకోలేదు. చచ్చేదాకా ఆ కేక వేయలేదు.

75 మిల్లీగ్రాముల చిన్న గోలీ రోజంతా ఎందుకు సరిపోతుందో ఇప్పుడు అర్థమవుతుంది. ఈరోజు గోలీ పని, కొత్తగా వచ్చిన పదో వంతు ప్లేట్‌లెట్లకు తాళం వేయడం. గోలీ మానేస్తే ఆ పదో వంతు తాళం లేకుండా తిరుగుతాయి. మర్నాడు ఇంకో పదో వంతు కలుస్తాయి. ఐదు రోజులు గడిచేసరికి దాదాపు సగం కొత్తవే. మానేసిన వాళ్ళకు ‘ఏమీ కాలేదు’ అనిపించే ఆ నాలుగైదు రోజుల్లోనే లోపల రక్షణ కొంచెం కొంచెంగా కరిగిపోతుంటుంది.

దీనికి పెద్ద రుజువు 1988లో వచ్చింది. ఐసిస్-2 అనే పరిశోధనలో గుండెపోటు అనుమానంతో వచ్చిన 17,187 మందిని పరిశీలించారు. యాస్పిరిన్ ఇవ్వని వాళ్ళలో ఐదు వారాల్లోపు గుండె, రక్తనాళాల కారణంగా చనిపోయినవాళ్ళు 11.8 శాతం. నెలరోజులు యాస్పిరిన్ ఇచ్చినవాళ్ళలో 9.4 శాతం. అంటే ప్రతి వెయ్యి మందిలో 24 ప్రాణాలు నిలబడ్డాయి. గోలీ ఖరీదుతో పోలిస్తే ఇంత లాభం ఇచ్చే మందులు తక్కువ.

క్లోపిడోగ్రెల్, దాని చెల్లెళ్ళు

యాస్పిరిన్ ఒక కేకనే ఆపుతుంది. రెండో కేక ఏడీపీ అలాగే ఉంటుంది. ఆ పిలుపు వినే ‘చెవి’ ప్లేట్‌లెట్ల మీద ఉంటుంది. దాని పేరు పీ2వై12. క్లోపిడోగ్రెల్ ఆ చెవిని మూసేస్తుంది. ఇది 1997లో అమెరికాలో అనుమతి పొందింది.

ఈ మందు మింగిన వెంటనే పనిచేయదు. కాలేయంలో మార్పు చెందాకే శక్తి వస్తుంది. రోజుకు ఒక్క గోలీతో పూర్తి పని మొదలవడానికి కొన్ని రోజులు పడుతుంది. గుండెపోటుతో వెళ్తే దవాఖానాలో 75 మిల్లీగ్రాముల గోలీలు ఒకేసారి నాలుగో, ఎనిమిదో మింగించేది అందుకే. పొరపాటున ఇచ్చారని కంగారు పడొద్దు. ఇంటికొచ్చాక మీరు మాత్రం రాసినట్లే వేసుకోవాలి.

కొందరి కాలేయంలో పుట్టుకతోనే ఈ మార్పు సరిగ్గా జరగదు. మన దేశంలో అలాంటివాళ్ళు తక్కువేం కాదు. కొందరికి ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ రాయడానికి ఇది కూడా ఒక కారణం. ఇవి ఇంకా గట్టిగా పనిచేస్తాయి, రక్తస్రావం ముప్పు కూడా కొంచెం ఎక్కువే. గతంలో ఫాలిజ్ వచ్చినవాళ్ళకు ప్రాసుగ్రెల్ ఇవ్వరు. టికాగ్రెలార్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. కొందరికి దీనితో ఆయాసంగా అనిపిస్తుంది. అలా ఉంటే డాక్టర్‌కు చెప్పాలి, మందు మారుస్తారు. సొంతంగా ఆపకూడదు.

ఇంకో మాట. ఈ గోలీలేవీ ధమనిలో ఉన్న ప్లాక్‌ను కరిగించవు. అది చిట్లినప్పుడు దాని మీద గడ్డ కట్టకుండా కాపలా కాస్తాయి. ప్లాక్ మూతను గట్టిపరిచేది, కొలెస్ట్రాల్‌ను తగ్గించేది అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ లాంటి స్టాటిన్ గోలీలు. ‘కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చింది కదా’ అని స్టాటిన్ మానేసేవాళ్ళు ఈ తేడా తెలుసుకోవాలి.

స్టెంట్ ఉంటే లెక్క వేరు

స్టెంట్ అంటే ధమనిని తెరిచి ఉంచే లోహపు జాలి. ప్లేట్‌లెట్ల దృష్టిలో అది బయటి వస్తువు. కొన్ని నెలల్లో ఆ జాలి మీద మన ఎండోథీలియం పొర పెరిగి దాన్ని కప్పేస్తుంది. అప్పటిదాకా లోహం నేరుగా రక్తానికి తగులుతూ ఉంటుంది. మందు పూత ఉన్న స్టెంట్లలో ఆ పొర పెరగడం ఇంకా నిదానం. అందుకే యాస్పిరిన్‌తో పాటు రెండో గోలీ కూడా రాస్తారు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేస్తే మామూలుగా ఏడాది, గుండెపోటు లేకుండా వేస్తే దాదాపు ఆరు నెలలు. రక్తస్రావం ముప్పును బట్టి డాక్టర్ దీన్ని తగ్గించొచ్చు, పెంచొచ్చు. ఆ తర్వాత కూడా సాధారణంగా ఒక గోలీ జీవితాంతం కొనసాగుతుంది.

మధ్యలో ఆపితే ఏమవుతుంది? 2005లో అమెరికా వైద్య పత్రిక ‘జామా’లో ఒక అధ్యయనం వచ్చింది. మందు పూత స్టెంట్లు వేయించుకున్న 2,229 మందిని తొమ్మిది నెలలు చూశారు. మొత్తం మీద స్టెంట్‌లో గడ్డ కట్టింది 1.3 శాతం మందికే. కానీ గడువుకు ముందే గోలీలు ఆపేసిన వాళ్ళలో 29 శాతం మందికి గడ్డ కట్టింది. గడ్డ కట్టిన వాళ్ళలో 45 శాతం మంది చనిపోయారు. అవి పాత తరం స్టెంట్లు, ఇప్పటివి అంతకంటే మెరుగు. అయినా పాఠం మారలేదు.

ఖర్చు సంగతి కూడా చూద్దాం. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ఔషధ ధరల సంస్థ మందు పూత స్టెంట్‌కు 29,600 రూపాయలు, మామూలు స్టెంట్‌కు 7,260 రూపాయలు గరిష్ట ధరగా పెట్టింది. ఆ తర్వాత అవి మారుతూ వచ్చాయి. ఆరోగ్యశ్రీ కార్డు మీదో, అప్పు చేసో అంత ఖర్చుతో స్టెంట్ వేయించి, రోజుకు కొన్ని రూపాయల గోలీ దగ్గర ఆపేస్తే పెట్టిందంతా వృథా. బ్రాండ్ ఖరీదు భారంగా ఉంటే జన్ ఔషధి కేంద్రాల్లో అదే మందు జెనరిక్ తక్కువకు దొరుకుతుంది. డాక్టర్‌తో జెనరిక్ పేరు రాయించుకోండి. డబ్బుల్లేక ఆపేస్తున్నామని చెప్పడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మరి అందరూ వేసుకోవచ్చా?

వద్దు. ‘నలభై దాటింది కదా, ముందు జాగ్రత్తగా రోజూ ఒక ఎకోస్ప్రిన్’ అని మెడికల్ షాపులో కొనేవాళ్ళు ఉన్నారు. 2018లో బ్రిటన్ నుంచి అసెండ్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. షుగర్ ఉండి, గుండె జబ్బు లేని 15,480 మందిని సగటున ఏడేళ్ళకు పైగా పరిశీలించారు. యాస్పిరిన్ వాడినవాళ్ళలో గుండెపోటు, స్ట్రోక్ లాంటివి 8.5 శాతం, వాడనివాళ్ళలో 9.6 శాతం. పెద్ద రక్తస్రావాలు మాత్రం వాడినవాళ్ళలో 4.1 శాతం, వాడనివాళ్ళలో 3.2 శాతం.

వెయ్యి మందికి లెక్క కడితే 11 మందికి మేలు, 9 మందికి కీడు. జమ, ఖర్చు దాదాపు సమానం. అదే ఒకసారి గుండెపోటో స్ట్రోకో వచ్చినవాళ్ళకు, స్టెంట్ పడినవాళ్ళకు మేలు చాలా ఎక్కువ. కాబట్టి జబ్బు లేనివాళ్ళు సొంతంగా మొదలుపెట్టొద్దు. జబ్బు ఉన్నవాళ్ళు సొంతంగా ఆపొద్దు.

గోలీ ఎక్కడ తప్పుతుంది?

*చిగుళ్ళ రక్తం, కమిలిన మచ్చలు:* చిన్నగా కమలడం, గీసుకున్నప్పుడు రక్తం కాసేపు ఎక్కువ కారడం మామూలే. మలం తారులా నల్లగా రావడం, వాంతిలో రక్తం, ఆగని ముక్కు రక్తం, తలకు దెబ్బ తగలడం.. ఇవి మాత్రం వెంటనే దవాఖానాకు వెళ్ళాల్సినవి.

*పన్ను పీకించుకోవడం, ఆపరేషన్లు:* పంటి పనికి చాలాసార్లు గోలీలు ఆపాల్సిన పని ఉండదు. పెద్ద ఆపరేషన్‌కు ఆపాల్సి వస్తే ఏ గోలీ, ఎన్ని రోజులు అన్నది గుండె డాక్టర్, సర్జన్ మాట్లాడుకుని చెప్పాలి.

*హిజామా:* చర్మం మీద గాట్లు పెట్టే చికిత్స కాబట్టి ఈ గోలీల మీద ఉన్నవాళ్ళకు రక్తం ఎక్కువ పోవచ్చు. గుండె డాక్టర్‌ను అడగకుండా వెళ్ళొద్దు. హిజామా కోసం సొంతంగా గోలీ మానేయడం ఇంకా పెద్ద ముప్పు.

*కలోంజీ, వెల్లుల్లి:* వంటలో మామూలుగా వాడుకోవచ్చు. కానీ గోలీకి బదులు కావు. స్టెంట్‌ను కాపాడతాయని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మకండి.

*మోకాళ్ళ నొప్పుల గోలీలు:* ఐబుప్రొఫెన్ లాంటివి కడుపులో రక్తస్రావం ముప్పును పెంచుతాయి. పైగా ఐబుప్రొఫెన్ ముందుగా వేసుకుంటే యాస్పిరిన్ తాళం వేయాల్సిన చోట అది అడ్డుగా కూర్చుంటుంది. నొప్పికి ఏది వాడాలో అడిగి తెలుసుకోండి.

*గ్యాస్ గోలీ:* ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గించగలవు. అందుకే డాక్టర్లు ఎక్కువగా పాంటోప్రజోల్ రాస్తారు. షాపువాళ్ళు ‘రెండూ ఒకటే’ అని మార్చి ఇస్తే తీసుకోవద్దు.

*డెంగీ జ్వరం:* ఈ గోలీలు వాడేవాళ్ళకు జ్వరం వస్తే మొదటి రోజే డాక్టర్‌కు ఆ సంగతి చెప్పాలి. ప్లేట్‌లెట్లు పడిపోతున్నప్పుడు ఈ మందులు ఉంచాలా, ఆపాలా అనేది వాళ్ళు నిర్ణయించాలి.

*క్యాప్సూల్ కవచం:* రెండు మూడు మందులు కలిపిన క్యాప్సూళ్ళ పైకవచం చాలావరకు జెలటిన్‌తో చేస్తారు. అది హలాలా కాదా అన్న అనుమానంతో కొందరు మందే మానేస్తారు. అవే మందులు విడివిడి గోలీలుగా దొరుకుతాయి. డాక్టర్‌తో అలా రాయించుకుంటే సమస్యే ఉండదు.

రోజా, ఉమ్రా

రోజుకు ఒకసారి వేసుకునే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌ను ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవడం చాలామందికి కుదురుతుంది. టికాగ్రెలార్ లాంటి రెండుపూటల మందు వాడేవాళ్ళు ఇఫ్తార్, సహరీ వేళలకు మార్చుకోవచ్చా అన్నది డాక్టర్‌ను అడగాలి. ఈ మాట రంజాన్ చంద్రుడు కనిపించాక కాదు, షాబాన్ నెలలోనే అడగండి. గుండెపోటు వచ్చి గానీ, స్టెంట్ పడి గానీ ఎక్కువ రోజులు కాకపోతే సాధారణంగా డాక్టర్లు రోజా వద్దంటారు. రోగికి దీన్‌లో రుఖ్సత్ ఉంది. ఖజా, ఫిదియా విషయాలు ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు ‘రోజా విడిచిపెడితే ఎలా’ అని గుట్టుగా గోలీ మానేయకుండా చూసుకోవాల్సింది పిల్లలే.

ఉమ్రాకో, హజ్‌కో వెళ్తుంటే మొత్తం రోజులకు సరిపడా గోలీలు, పైన ఒక వారం ఎక్కువ, డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోండి. పెద్ద లగేజీ ఆలస్యమైనా గోలీ ఆలస్యం కాకూడదు.

ఆ నిమిషాల్లో ఏం చేయాలి?

ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు.. ఇలా ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగిస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. యాస్పిరిన్ అలర్జీ లేకపోతే, కడుపులో రక్తస్రావం లాంటివి లేకపోతే 300 మిల్లీగ్రాముల యాస్పిరిన్ నమిలి మింగించమంటారు. అంటే 75వి నాలుగు. నమిలితే త్వరగా రక్తంలో కలుస్తుంది. రోజాలో ఉన్నా ప్రాణం ముందు. షుగర్ ఉన్నవాళ్ళకు, ఆడవాళ్ళకు ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసం, వాంతులు మాత్రమే రావొచ్చు. ‘అమ్మీకి నీరసంగా ఉందట’ అని తెల్లారేదాకా ఆగొద్దు.

మూతి వంకరపోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే అది ఫాలిజ్. అప్పుడు మాత్రం యాస్పిరిన్ ఇవ్వొద్దు. గడ్డ కట్టిందా, మెదడులో నరం చిట్లి రక్తం కారుతోందా అన్నది సీటీ స్కాన్‌లోనే తెలుస్తుంది. రెండోది అయితే గోలీ హాని చేస్తుంది. మింగడం కష్టమై ఉండొచ్చు కాబట్టి నీళ్ళు కూడా పట్టొద్దు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు సాధారణంగా నాలుగున్నర గంటలే. లక్షణాలు మొదలైన సమయం గుర్తుపెట్టుకుని, స్కాన్ ఉన్న దవాఖానాకు నేరుగా తీసుకెళ్ళాలి.

ఈ వారం ఇంట్లో ఒక పని చేయండి. అబ్బా, అమ్మీ, నానా, నానీ ఎవరికైనా ఈ గోలీలు ఉంటే డిశ్చార్జ్ కాగితం బయటికి తీయండి. ఏ గోలీ ప్లేట్‌లెట్లకు, ఏది ఎప్పటిదాకా, ఆపమని చెప్పాల్సింది ఎవరు.. ఈ మూడు సంగతులు ఉర్దూలోనో తెలుగులోనో పెద్ద అక్షరాలతో రాసి డబ్బా మూత మీద అతికించండి. తేదీ రాసి లేకపోతే తర్వాతి ఓపీలో అడిగి రాయించుకోండి. గోలీ అయిపోయాక కాదు, అయిపోవడానికి ఐదు రోజుల ముందే కొత్త స్ట్రిప్ తెచ్చి పెట్టండి.